సున్నం వేయని చోటు

మా అత్త దీవెనమ్మ పురుళ్ళు పోసిన లెక్క
వంటింటి వెనక గోడ మీద ఉండేది.
బిడ్డ బతికితే బొగ్గుతో నిలువు గీత,
బతక్కపోతే అడ్డగీత.
తల్లి పోతే గీతేం లేదు.
ఆ రాత్రి అన్నం తినేది కాదు, అంతే.

మా నాన్న నతానియేలు, రాజోలు దిగువన లంకలో ఉపదేశి,
ఆ గోడ చూసి నవ్వేవాడు.
"ఆయనకి నీ గోడతో పనేంటక్కా?
రక్షణేమన్నా కూలి డబ్బులా,
పొద్దుగూకాక లెక్క చూసి పుచ్చుకోడానికి?"

ఆదివారం బల్ల పక్కన నిలబడి చెప్పేవాడు:
గోదారిని మనం తవ్వలేదండి.
కొండల అవతల ఎక్కడో పడ్డ వాన
ఆనకట్ట దాటి, లాకులు దాటి
అడక్కుండానే చేలోకి వస్తంది.
కృపంటే అదేనండి, దోసిలి పట్టడమే మన వంతు.

వెనక చాప మీంచి అత్త గొణిగేది,
గుడంతా వినపడేలా:
"మరి బోదెలో పూడిక తీసిందెవరంట?
తీసింది మనం, పారింది కామందు చేలోకి.
శివారు చేలకి ఏ యేడొచ్చాయిరా నీళ్ళు,
దోసిలి పట్టుక్కూచుంటే?"

నలభై ఏళ్ళు ఇదే తగువు.
నాన్న పౌలు పక్షం, అత్తకి అక్షరాలు రావు.
యాకోబని ఒకాయన అచ్చం నీ మాటే
ఉత్తరం రాశాడత్తా అని నా పుస్తకంలోంచి చదివితే
కాసేపు ఆలోచించి అంది:
"ఆయనెవరో పురుళ్ళు పోసినోడిలా ఉన్నాడే."

నాన్న పుస్తకంలో ఆ ఉత్తరమున్న ఆకులు
ఎనభై ఆరు వరదకి అతుక్కుపోయాయి.
అటకెక్కించేలోపే ఒండ్రు తాగేశాయి.
బ్లేడుతో విడదీస్తానంటే
"ఉండనీరా, చిరిగిపోతాయి" అనేవాడు.

ఆ వరదలోనే అత్త అరటిబోదెల తెప్పెక్కి
పడవ పోలేని చోటికి పోయి
ఓ సాయిబుల పిల్లకి పురుడు పోసింది.
ఆ రాత్రి తెల్లార్లూ నాన్న
గుడి అరుగు మీద మోకాళ్ళ మీదే ఉన్నాడు,
పిక్కల దాకా నీళ్ళలో.
బిడ్డ బతికింది.
ఎవరి వల్లన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

మొన్న తొలకరికి అత్తకి కుడిపక్క పడిపోయింది.
మెడకి చుట్టుకున్న పేగుని
చీకట్లో వేలితో తప్పించిన చెయ్యి
ఎవరో మర్చిపోయిన గుడ్డలా మంచం మీద పడుంది.
'పనికిరాని దాన్ని' అని ఏడ్చేది.
ఆ ఒక్క మాటకే పావుగంట పట్టేది.

ఒళ్ళు నా భార్య తుడిచేది.
మిగతాదంతా నాన్నే.
చోడిజావ చెంచాతో పోసి, గడ్డం మీదికి కారితే
గుడికి కప్పుకెళ్ళే కండువాతోనే తుడిచి,
గోళ్ళు తీసి, తల దువ్వి,
పక్కగుడ్డలు రేవులో జాడించి
వైనతేయ గట్టు మీద ఆరేసేవాడు
పేటంతా చూస్తుండగా, డెబ్భై ఏళ్ళ ఉపదేశి.
అన్నాళ్ళలో ఆమెకి ఒక్క వాక్యం చెప్పలేదు.

అత్త మొదట్లో మొహం తిప్పేసుకునేది.
ఇచ్చే చేతికి పుచ్చుకోడం చేతకాదు.
కోతలొచ్చేసరికి నోరు తెరవడం నేర్చుకుంది,
తాను మొదట చూసిన
అన్ని వందల నోళ్ళలాగే.

క్రిస్మస్ ముందు గుల్లసున్నం నానేసి
ముందు గోడలు, పక్క గోడలు వేసుకుంటూ
వెనక్కొచ్చాడు నాన్న.
మంచంలోంచి అత్త ఎడంచెయ్యి లేపింది.
నాలుగుసార్లు చెబితేగాని అర్థం కాలేదు.
చెరిపెయ్‌రా.
ఆయనకెందుకవి, చెరిపెయ్.

నాన్న కొబ్బరిపీచు కుంచె ముంచి పైకెత్తాడు.
సున్నం మోచేతి దాకా కారింది.
అలా నిలబడ్డాడు చాలాసేపు.
తర్వాత గీతల చుట్టూ,
అడ్డగీతల దగ్గర మరీ మెల్లగా,
కిటికీ అంత చోటు వదిలేసి
మిగిలిన గోడంతా తెల్లగా వేశాడు.

"నతానీ" అంది అత్త, కోపంగా.

"నోరు తెరువ్" అన్నాడు నాన్న.
"జావ చల్లారిపోతంది."